రాసేటప్పుడు ‘షి గోస్’, మాట్లాడేటప్పుడు ‘షి గో’: ఇంగ్లీషు క్లాసులో తేడా ఎక్కడ కొడుతోంది?

టూకీగా: పదేళ్లు ఇంగ్లీషు చదివినా నోరు పెగలకపోవడానికి గ్రామర్ చెప్పకపోవడమే కారణం అని కొందరు, గ్రామర్ మరీ ఎక్కువ చెప్పడమే కారణం అని ఇంకొందరు అంటుంటారు. అప్లైడ్ లింగ్విస్టిక్స్‌లో, అంటే భాష ఎలా వస్తుంది, ఎలా నేర్పాలి లాంటివి చూసే శాస్త్రంలో, గత యాభై అరవై ఏళ్లుగా జరిగిన పరిశోధన చూస్తే అసలు చిక్కు వేరే చోట ఉంది. పాఠాలు నడిచే వరస వేరు, పిల్లల బుర్రలోకి భాష ఎక్కే వరస వేరు. ఈ రెండోదాన్ని నమ్ముకుని 1979లో బెంగళూరులో ఒక ప్రయోగం మొదలైంది. దాని సంగతి తెలిస్తే ఇప్పటి ఇంగ్లీషు మీడియం గొడవ కూడా కొంచెం అర్థమవుతుంది.

బోర్డు మీద ఒకటి, నోట్లో ఒకటి

ఏ ఊళ్లో అయినా ఏడో తరగతి క్లాసు తీసుకోండి. ‘షి డ్యాష్ టు స్కూల్ ఎవ్రీ డే’ అని బోర్డు మీద రాసి ఖాళీ పూరించమంటే సగం మంది పైగా ‘గోస్’ అని కరెక్టుగా రాసేస్తారు, ఎందుకు అని అడిగితే హీ, షి, ఇట్ వస్తే వెర్బ్‌కి ఎస్ చేర్చాలి టీచర్ అని టపీమని రూలు కూడా చెప్తారు. ఐదు నిమిషాలాగి అదే పిల్లాడిని పక్కకి పిలిచి మీ అక్క ఏం చేస్తుంది అని ఇంగ్లీషులో అడిగితే ‘మై సిస్టర్ గో కాలేజ్’ అంటాడు. రూలు మర్చిపోయాడా అంటే లేదు, మళ్లీ అడిగితే మళ్లీ చెప్తాడు. అంటే రూలు తెలియడం, ఆ రూలు మాటలో రావడం వేర్వేరు అన్నమాట.

దీనికి మన దగ్గర రెడీగా ఉండే జవాబు మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. ఈ మాటకి పాత సిద్ధాంతం ఒకటి ఉంది, 1957లో రాబర్ట్ లాడో అనే అమెరికన్ దాన్ని పుస్తకంగా రాశాడు. మాతృభాష, నేర్చుకునే భాష రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా ఉందో అక్కడ కష్టం, ఎక్కడ పోలిక ఉందో అక్కడ సుళువు అని దాని సారం. తెలుగు మీద పెట్టి చూస్తే కొంత దూరం బాగానే నడుస్తుంది. తెలుగులో ‘ఆమె టీచర్’ అంటే వాక్యం అయిపోతుంది, మధ్యలో ‘ఈజ్’ లాంటిది అక్కర్లేదు, అందుకే ‘షి టీచర్’ అంటారు. ఆర్టికల్స్ మనకి లేవు, కాబట్టి ‘ది’, ‘ఎ’ ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ డౌటే. ఉచ్చారణలో అయితే ఈ ప్రభావం ఇంకా గట్టిది, బస్‌ని బస్సు, కార్‌ని కారు, స్కూల్‌ని ఇస్కూలు చేసింది మన భాష అలవాటే.

కానీ ఆ ‘ఎస్’ దగ్గరకి వచ్చేసరికి సిద్ధాంతం చతికిలపడుతుంది. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని మనిషిని బట్టి క్రియ మార్చడం తెలుగు పిల్లలకి మాటలు వచ్చినప్పటి నుంచీ అలవాటు, ఇంగ్లీషులో మారేది ఒక్క చోట, అదీ ఒక్క అక్షరం. సిద్ధాంతం ప్రకారం ఇది మనవాళ్లకి నల్లేరు మీద నడక కావాలి కదా, కాదు. స్పానిష్ పిల్లలూ క్రియ మారుస్తారు, వాళ్లకీ ఇదే ఇబ్బంది. అసలు క్రియే మార్చని చైనీస్ పిల్లలకీ ఇదే ఇబ్బంది. ఇంకా విచిత్రం ఏంటంటే ఇంగ్లీషే మాతృభాష అయిన పిల్లలు కూడా ‘ఇంగ్’ ముందు పట్టేసి ఈ ‘ఎస్’ని చాలా ఆలస్యంగా పడతారని 1973లో రోజర్ బ్రౌన్ చూపించాడు. తర్వాతి ఏడాదే డ్యులే, బర్ట్ అనే ఇద్దరు అమెరికాలో ఇంగ్లీషు నేర్చుకుంటున్న స్పానిష్ పిల్లల్నీ చైనీస్ పిల్లల్నీ పోల్చి చూస్తే ఇళ్లల్లో భాషలు వేరైనా ఇంగ్లీషు రూపాలు పట్టుబడే వరస దాదాపు ఒకేలా వచ్చింది. ‘ఇంగ్’, బహువచనం ‘ఎస్’ ముందు, క్రియ మీద ఎస్ చివర్లో. మాతృభాష ప్రభావం అసలు లేదని కాదు, ఆర్టికల్స్ లాంటి వాటి దగ్గర ఉందని తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి, కానీ తప్పులన్నీ దాని నెత్తిన రుద్దడం మాత్రం కుదరదు.

దీనికి పునాది అంతకు ముందే పడింది. పిల్లలు చేసే తప్పు అంటే పాఠం వినలేదని కాదు, లోపల ఏదో ఒక పద్ధతి నడుస్తోందని సాక్ష్యం అని 1967లో పిట్ కార్డర్ రాశాడు. 1972లో లారీ సెలింకర్ ఆ లోపలి పద్ధతికి ఇంటర్‌లాంగ్వేజ్ అని పేరు పెట్టాడు, అంటే అటు తెలుగూ కాదు ఇటు ఇంగ్లీషూ కాదు, మధ్యలో నేర్చుకునేవాడు తనకి తానే కట్టుకున్న ఒక భాష, దానికీ ఒక గ్రామర్ ఉంటుంది. ‘వాట్ షి ఈజ్ డూయింగ్?’ అనే ప్రశ్న వింటే మనకి తప్పు కనిపిస్తుంది, కానీ ప్రశ్న మాటని ముందు తగిలించి మిగతా వాక్యాన్ని కదపకుండా ఉంచడం చాలా దేశాల పిల్లలు దాటే మెట్టు.

స్ట్రక్చర్లు ఎందుకు వచ్చాయి

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన స్కూళ్లలో ఇంగ్లీషు అంటే పాఠం చదవడం, తెలుగులోకి అనువదించడం, పార్సింగ్ చేయడం, అంటే వాక్యాన్ని విడగొట్టి ఏ మాట ఏ భాషాభాగమో చెప్పడం. 1950ల్లో దీన్ని మార్చాలని బ్రిటిష్ కౌన్సిల్ సాయంతో మద్రాసు రాష్ట్రంలో పెద్ద ఎత్తున టీచర్లకి ట్రైనింగులు మొదలయ్యాయి, 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వచ్చింది, అదే తర్వాత సీఫెల్ అయ్యి 2007లో ఇఫ్లూ అయింది. అప్పుడు వచ్చిన పద్ధతే స్ట్రక్చరల్ అప్రోచ్. ఇంగ్లీషు వాక్య నిర్మాణాలని సుళువు నుంచి కష్టానికి వరసగా పేర్చి, ఒక్కోటీ సందర్భంతో చూపించి, నోటికి వచ్చేదాకా అనిపించడం. టీచర్ తలుపు వైపు నడుస్తూ ‘ఐ యామ్ వాకింగ్ టు ది డోర్’ అంటారు, పిల్లాడు నడుస్తుంటే క్లాసంతా ‘హీ ఈజ్ వాకింగ్ టు ది డోర్’ అని కోరస్. కళ్ల ముందు నడుస్తున్నవాడిని చూస్తూ నడుస్తున్నాడు అని ఎవరికి చెప్తున్నట్టు అనే ప్రశ్న అప్పట్లో పెద్దగా ఎవరికీ రాలేదు.

ఈ పద్ధతిని ఇప్పుడు వెక్కిరించడం తేలికే గానీ అది అంత కాలం నిలబడ్డానికి కారణాలున్నాయి. క్లాసులో అరవై మంది, టీచర్‌కే ఇంగ్లీషు అంతంత మాత్రం, చేతిలో సుద్దముక్క తప్ప ఇంకేం లేదు. ఏ రోజు ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో పుస్తకంలో ఉంటే చాలు ఎవరైనా నడిపించేయొచ్చు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు కూడా సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది అని లెక్క చూసుకోవచ్చు. అమెరికాలో ఇలాంటిదే ఆడియోలింగ్వల్ మెథడ్ పేరుతో నడిచింది, భాష అంటే అలవాటు అని నమ్మే సైకాలజీ దానికి దన్ను. ఆ సైకాలజీకి పెద్ద పేరైన స్కిన్నర్ భాష మీద రాసిన పుస్తకాన్ని 1959లో చామ్‌స్కీ అనే భాషాశాస్త్రవేత్త ఏకిపారేస్తూ రాసిన సమీక్షతో ఆ దన్ను కదిలిపోయింది.

తర్వాత యూరప్‌లో కమ్యూనికేటివ్ అప్రోచ్ వచ్చింది. స్ట్రక్చర్ బదులు పని, అంటే దారి అడగడం, హోటల్లో ఆర్డర్ ఇవ్వడం, క్షమాపణ చెప్పడం. 1975లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ తెచ్చిన థ్రెషోల్డ్ లెవెల్ దీనికి నమూనా. దేశం దాటి వెళ్లి పనిచేసే పెద్దవాళ్లకి ఇది అతికినట్టు సరిపోయింది. కానీ చుట్టూ ఎవరూ ఇంగ్లీషు మాట్లాడని ఊళ్లో ఆరో తరగతి పిల్లాడు ఇంగ్లీషులో దారి ఎవరిని అడుగుతాడు?

ఈ ‘ఎందుకోసం’ అనే ప్రశ్న కొత్తది కాదు. 1920ల్లో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ దీన్ని ఇన్సూరెన్స్ భాషలో అడిగాడు. పాలసీ మధ్యలో ఆపేస్తే ఎంత చేతికొస్తుందో దాన్ని సరెండర్ వాల్యూ అంటాం కదా, అలాగే పిల్లాడు ఏ తరగతిలో బడి మానేసినా అప్పటిదాకా నేర్చుకున్న ఇంగ్లీషు వాడికి ఎంతో కొంత పనికి రావాలి అన్నాడు. బెంగాల్‌లో ఎక్కువమంది మధ్యలోనే మానేస్తున్నారు కాబట్టి ముందు చదవడం నేర్పాలి, అదీ ఎక్కువ వాడే మాటలతోనే అన్నది ఆయన వాదన. ఆయన పేరుతో 1953లో వచ్చిన జనరల్ సర్వీస్ లిస్ట్‌లో సుమారు 2000 మాటలు ఉంటాయి, ఇప్పటికీ గ్రేడెడ్ రీడర్ల వెనక, అంటే తెలిసిన మాటల లెక్క చూసుకుని రాసే కథల పుస్తకాల వెనక, ఆ ఆలోచన ఉంది.

బెంగళూరులో ఏం చేశారు

మద్రాసులో బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసే ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరు రీజనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌తో కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్టు 1984 దాకా నడిచింది. బెంగళూరు, మద్రాసు లాంటి చోట్ల మామూలు స్కూళ్లు, మామూలు సైజు క్లాసులు. ఆయన లక్ష్యం చాలామంది అనుకునేట్టు మాట్లాడించడం కాదు, గ్రామర్ రావడమే. కాకపోతే గ్రామర్ గురించి ఆలోచిస్తున్నప్పుడు గ్రామర్ రాదు, అర్థం కోసం బుర్ర కష్టపడుతున్నప్పుడు తెలియకుండా వస్తుంది అన్నది ఆయన పందెం. అందుకని స్ట్రక్చర్ల వరస పూర్తిగా తీసేశారు. దాని బదులు టాస్కులు: మ్యాపులు, టైంటేబుళ్లు, ఇంటి ప్లాన్లు, లెక్కలు.

ఒక టాస్కు ఎలా ఉంటుందో మన ఊళ్ల పేర్లతో ఊహించి చూద్దాం. బోర్డు మీద సికింద్రాబాద్ నుంచి విజయవాడకి మూడు రైళ్ల టైంటేబుల్. ముందు టీచర్ అందరితో కలిసి చేస్తారు, మొదటి రైలు ఎన్నింటికి బయల్దేరుతుంది, ఎన్నింటికి చేరుతుంది, ఎంతసేపు పడుతుంది, అన్నీ ఇంగ్లీషులోనే, పిల్లలు ‘సిక్స్ థర్టీ’ అని ఒక్క ముక్కలో జవాబు చెప్పినా ఓకే. దీన్ని ప్రీ టాస్క్ అన్నారు. తర్వాత అసలు టాస్కు ఇస్తారు: ఒకావిడకి విజయవాడలో మధ్యాహ్నం రెండింటికి పెళ్లి ఉంది, స్టేషన్ నుంచి మండపానికి గంట, ఉదయం ఎనిమిదింటి దాకా ఆమె ఇంట్లోంచి కదల్లేదు, ఏ రైలు ఎక్కాలి, ఎందుకు? ఇది ఎవరికి వాళ్లు చేయాలి. ఇక్కడ పిల్లల దృష్టి అంతా లెక్క కుదిరిందా లేదా అన్న దాని మీదే, అయినా ‘లీవ్స్’, ‘అరైవ్స్’, ‘బిఫోర్’, ‘ఇఫ్’ అన్నీ చెవిలో పదిసార్లు పడ్డాయి, అవి అర్థం కాకపోతే లెక్క తేలదు కూడా.

ప్రభు టాస్కుల్ని మూడు రకాలు చేశాడు. ఒకరి దగ్గర ఉన్న సమాచారం ఇంకొకరికి చెప్పడం, ఉన్న సమాచారం నుంచి కొత్త విషయం తేల్చడం, సొంత అభిప్రాయం చెప్పడం. మొదలుపెట్టేవాళ్లకి రెండోది బాగా పనిచేస్తుందన్నాడు, ఎందుకంటే సమాచారం చెప్పడం ఒక్క మాటతో అయిపోతుంది, అభిప్రాయం చెప్పడానికి భాష చాలదు, తర్కం మాత్రం మధ్యలో ఆగుతూ సాగుతుంది, టీచర్ చెయ్యి అందించొచ్చు. టాస్కు కష్టం కొలవడానికి కూడా సింపుల్ లెక్క పెట్టుకున్నారు, క్లాసులో దాదాపు సగం మంది దాదాపు సగం టాస్కు కరెక్టుగా చేయగలిగితే అది సరిపోయినట్టు. గ్రూప్ వర్క్ పెట్టలేదు, ఇంగ్లీషు రాని పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఒకరి తప్పులు ఇంకొకరికి అంటుకుంటాయని ఆయన భయం. ఈ రోజుల్లో టాస్క్ బేస్డ్ అనగానే గ్రూపులు చేసి కూర్చోబెడతారు, దాని మూలపురుషుడే గ్రూపులు వద్దన్నాడనే విషయం ట్రైనింగుల్లో పెద్దగా వినపడదు.

ఫలితం తేలిందా

సగం తేలింది. అలన్ బెరెటా, అలన్ డేవీస్ కలిసి ప్రాజెక్టు క్లాసుల్నీ స్ట్రక్చరల్ పద్ధతిలో నడిచిన క్లాసుల్నీ పోల్చి 1985లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లకి ఎదురైన మొదటి సమస్య, ఏ పరీక్ష పెట్టాలి? స్ట్రక్చర్ల పరీక్ష పెడితే స్ట్రక్చర్ల క్లాసు గెలుస్తుంది, టాస్కు పెడితే టాస్కు క్లాసు గెలుస్తుంది. అందుకే రెండూ పెట్టి, మధ్యస్థంగా డిక్టేషన్, సందర్భంలో గ్రామర్ లాంటివీ పెట్టారు. అనుకున్నట్టే ఎవరి పరీక్షలో వాళ్లు ముందున్నారు, మధ్యస్థ పరీక్షల్లో కొన్ని స్కూళ్లలో ప్రాజెక్టు పిల్లలు పైచేయి సాధించారు. స్ట్రక్చర్ల వరసే లేకుండా చదివిన పిల్లలకి గ్రామర్ వచ్చింది అన్నది చిన్న విషయం కాదు. కానీ ప్రాజెక్టు టీచర్లు ఏరికోరి వచ్చినవాళ్లు, ఉత్సాహం ఉన్నవాళ్లు, అటువైపు మామూలు టీచర్లు, కాబట్టి గెలిచింది పద్ధతా టీచరా అని విడదీయడం కష్టం. తర్వాత బెరెటాయే ఇంకోటి చూశాడు, ప్రాజెక్టులోనే రెగ్యులర్ స్కూలు టీచర్లకి ఈ పద్ధతి సరిగ్గా ఒంటబట్టలేదు. అప్పటికప్పుడు ఇంగ్లీషులో ప్రశ్న అల్లాలంటే టీచర్‌కి ఇంగ్లీషు చేతిలో ఉండాలి కదా.

ప్రభు కూడా 1990లో రాసిన వ్యాసంలో అన్నిటికన్నా మంచి పద్ధతి అంటూ ఏదీ లేదన్నాడు. పద్ధతి కన్నా, తను చేస్తున్నది పనిచేస్తోందా లేదా అని టీచర్‌కి లోపల ఉండే నమ్మకం, అది బతికి ఉండటమే ముఖ్యం అన్నాడు.

ఇంగ్లీషు మీడియం పెడితే సరిపోతుందా

అర్థం మీద దృష్టి పెడితే భాష వస్తుందంటే, లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులోనే చెప్పేస్తే చాలు కదా అనిపిస్తుంది. 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, 2022-23 నుంచి తెలంగాణ ఒకటి నుంచి ఎనిమిది దాకా మొదలుపెట్టినప్పుడు ఈ వాదనే తిరిగింది. దీనికి ప్రపంచంలో బాగా పరిశీలించిన ఉదాహరణ కెనడా. 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు పిల్లల్ని ఫ్రెంచ్ మీడియంలో వేశారు. చదువు దెబ్బతినలేదు, ఫ్రెంచ్ వినడం, చదవడం బ్రహ్మాండంగా వచ్చింది. అయితే ఇలాంటి ఇమ్మర్షన్ క్లాసుల్లో ఏళ్లు గడిచినా పిల్లల మాటలో, రాతలో గ్రామర్ తప్పులు పోవట్లేదని 1985లో మెరిల్ స్వెయిన్ చూపించింది. వినడంలో అర్థం ఊహించి గట్టెక్కేయొచ్చు, మాట్లాడాలంటేనే ఎక్కడ చిల్లు ఉందో తెలిసేది అని ఆవిడ వాదన.

ఇక్కడ మర్చిపోయే తేడా ఒకటుంది. ఆ పిల్లల ఇంటి భాష ఇంగ్లీషు, ఆ ఖండంలో బలమైన భాష, బడిలో ఫ్రెంచ్ చెప్పినా దానికేం కాదు. తల్లిదండ్రులు కోరి పెట్టించుకున్న బడి, టీచర్లకి ఫ్రెంచ్ సొంత భాషలా వచ్చు. మన దగ్గర ఈ మూడూ ఉంటాయని చెప్పలేం, ఒక్క తల్లిదండ్రుల కోరిక తప్ప.

జిమ్ కమిన్స్ కెనడాలో వలస పిల్లల మీద చేసిన పని కూడా ఇక్కడ పనికొస్తుంది. కబుర్లాడే ఇంగ్లీషు రెండేళ్లలో వస్తుంది, పాఠం అర్థం చేసుకునే ఇంగ్లీషుకి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది, అదీ చుట్టూ ఇంగ్లీషు ఉన్న దేశంలో. మాటల లెక్క చూసినా అంతే. ఎక్కువ వాడే 2000 మాటలు వస్తే మామూలు పుస్తకంలో సుమారు 80 శాతం తెలిసినవే ఉంటాయి, వినడానికి బాగుంది గానీ ప్రతి ఐదు మాటల్లో ఒకటి తెలియదన్నమాట, అలాంటి సైన్సు పాఠం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సాయం లేకుండా హాయిగా చదవాలంటే 98 శాతం కావాలి, దానికి 8000 నుంచి 9000 పద కుటుంబాలు (ఒకే మాటకి ఉన్న రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) రావాలని పాల్ నేషన్ 2006లో లెక్క కట్టాడు. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో పుస్తకాలు తేవడం ఈ గండం దాటించడానికే.

తెలుగు మాట్లాడితే ఫైన్, తప్పు మాట్లాడితే ఆపడం

కొన్ని ప్రైవేటు బడుల్లో తెలుగు మాట వినపడితే ఫైన్ వేస్తారు. దీనికి పరిశోధనలో ఆధారం దొరకదు, పైగా ఉల్టా ఆధారం ఉంది. 2008లో ఇజ్రాయెల్‌లో లాఫర్, గిర్సాయ్ చేసిన అధ్యయనంలో కొత్త మాటల్ని హీబ్రూతో పోల్చి, అనువాదం చేయించి చెప్పిన క్లాసు మిగతా వాటికన్నా బాగా నేర్చుకుంది. ‘నాకు జ్వరం వచ్చింది’ అన్నదాన్ని ‘ఫీవర్ కేమ్ టు మి’ అనే పిల్లాడికి తెలుగులో జ్వరం వస్తుంది, ఇంగ్లీషులో మనిషికి జ్వరం ఉంటుంది అని అర నిమిషం తెలుగులో చెప్తే అయ్యే పనికి, తెలుగు నిషేధించి పది నిమిషాలు సైగలు చేయడం ఎందుకో తెలియదు.

తప్పులు దిద్దడం గురించి కూడా కొంత తెలుసు. 1997లో లిస్టర్, రాంటా కెనడా ఫ్రెంచ్ క్లాసుల్ని రికార్డు చేసి చూస్తే టీచర్లు దిద్దిన వాటిలో 55 శాతం మెత్తగా సరైన రూపం తిరిగి చెప్పేయడమే, అంటే పిల్లాడు ‘షి గో’ అంటే టీచర్ ‘ఓ, షి గోస్’ అనడం లాంటిది. దానికి పిల్లలు ఏదో ఒక రకంగా స్పందించింది 31 శాతం సార్లు మాత్రమే, మిగతా సార్లు స్పందనే లేకుండా క్లాసు ముందుకు పోయింది. అలా కాకుండా ‘షి...?’ అని ఆగి పిల్లాడితోనే చెప్పిస్తే స్పందన బాగా పెరిగింది.

మరి గ్రామర్ చెప్పాలా వద్దా? నోరిస్, ఒర్తెగా 2000లో 49 అధ్యయనాల్ని కలిపి లెక్కేస్తే రూలు విడమరిచి చెప్పడం వల్ల లాభం ఉందనే తేలింది. కానీ అందులో చాలా పరీక్షలు ఖాళీలు పూరించే రకం, అంటే మొదట్లో చెప్పిన ఏడో తరగతి పిల్లాడు ‘గోస్’ అని రాసిన రకం. ఏ పరీక్ష పెడితే దానికి తగ్గ ఫలితమే వస్తుందన్న బెరెటా, డేవీస్ సమస్య దగ్గరకే మళ్లీ వచ్చాం.

పరీక్ష ఏది అడిగితే క్లాసు అది చేస్తుంది

పద్ధతులు మారుతూనే ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చివర్లో వచ్చిన పాఠ్యపుస్తకాల్లో స్ట్రక్చర్ల బదులు డైరీ, లెటర్, సంభాషణ, పోస్టర్ లాంటివి పిల్లలే ఆలోచించి రాయాలి. ఆలోచన మంచిదే. పిల్లలు ఆలోచించేలోపే గైడ్లలో సంభాషణలు రెడీమేడ్‌గా వచ్చేశాయి, ఎవరు ఎవరితో ఏ విషయం మాట్లాడినా ‘హాయ్, హౌ ఆర్ యు’తో మొదలై ‘ఓకే బై’తో ముగిసే ఎనిమిది లైన్లు బట్టీ కొడితే మార్కులు పడిపోతాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష నడిపే అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని బడిపిల్లలకి ఆ పరీక్షలు మొదలుపెట్టడం వెనక పరీక్ష మారితే క్లాసు మారుతుందన్న ఆశ ఉంది, అది ఒక ప్రభుత్వ హయాం దాటి నిలబడేలా కట్టిన ఏర్పాటు మాత్రం కాదు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు పేపర్ అంతా రాతే. మూడు గంటలు హాల్లో కూర్చుని, ఇన్విజిలేటర్‌తో తెలుగులోనే మాట్లాడి, ఒక్క మాట కూడా ఇంగ్లీషులో మాట్లాడకుండా మంచి మార్కులతో బయటికి రావొచ్చు. ‘షి గోస్’ అని రాసే పిల్లాడికి ఆ పేపర్‌లో మార్కు ఖాయం, ‘మై సిస్టర్ గో కాలేజ్’ అన్నప్పుడు వాడికి ఏం వచ్చో ఏం రాదో కనుక్కునే ప్రశ్న అందులో ఎక్కడా లేదు.